పౌరనీతిలో ఏడో ప్రశ్న

"నీళ్ళు వచ్చినాయా మే?"

"యాడొచ్చినాయి. ఈ పొద్దు ఇంగ రావులే. పండుకో."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఖాళీ బిందెలు లోపల పెట్టి, బియ్యంలో రాళ్ళు ఏరుకుని, వచ్చి లేపితే లేవలేదు. చూడటానికి వచ్చినవాళ్ళంతా పోయేముందు ఏం చెప్పాడని అడిగారు. నీళ్ళ గురించి అడిగాడని చెప్పాను. దాహమై అడిగాడనుకుని కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు. దాహం కాదు, ఆయన అడిగింది వీధి కొళాయి గురించి. అదంతా విడమరిచి చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు.

ఇప్పుడు చెబుతున్నాను. నేను చెబుతుంటే రాస్తున్నది నా చెల్లెలి కూతురు. బడిలో టీచరు. నాకు అక్షరాలు తెలుసు, కూడబలుక్కుని చదవగలను, రాయడం మాత్రం సంతకం దాకానే. పరీక్షకు ఎలా చదివితే గుర్తుంటుందో పిల్లలకు చెప్పాలి, పెదనాన్న ఎస్సెల్సీ ఎలా పాసయ్యాడో చెప్పు పెద్దమ్మా అని అడిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో పిల్లలకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

మాది రాయల్పాడు పక్క ఊరు. మామిడి తోటల్లో కూలికి పోయేవాళ్ళం. పెళ్ళయి ఈ బంగారు గనుల దగ్గరికి వచ్చాను. ఆయన పుట్టిందే ఇక్కడ. వాళ్ళ నాయన చిత్తూరు వైపునుంచి గనిలో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేముండేది మారికుప్పం స్టేషనుకు దగ్గర్లో, కంపెనీ లైన్లలో. లైన్లంటే ఒకదాని వీపుకు ఒకటి ఆనించి వరసగా కట్టిన ఇళ్ళు. ఒక గది, ఒక వంట మూల, ముందు ఒక మెట్టు. అప్పటికే గనులను సర్కారు తీసేసుకుంది. పెద్ద ఆఫీసు బోర్డు మారింది. లైన్లలో ఉండే మాకు మాత్రం అది కంపెనీయే. నీళ్ళు కంపెనీవి, లైటు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, కక్కసులు కడిగే మనిషికి జీతం కంపెనీది. ఇంటికి సున్నం కొట్టేదీ కంపెనీయే.

ఆయన పని గని లోపల. రాతికి మిషన్ పెట్టి రంధ్రాలు వేసే పని. ఆ రంధ్రాల్లో మందు పెట్టి పేలుస్తారు. కొన్నేళ్ళకు దగ్గు పట్టుకుంది. మెట్టెక్కితే ఆగి నిలబడేవాడు. ఛాతీ బాగాలేదు, వీలైతే పైన ఏదైనా పని చూసుకో అని డాక్టరు చెప్పాడు. పైన పనంటే టైమ్ ఆఫీసు. గనిలోకి ఎవరు దిగారు, ఎవరు పైకి ఎక్కారు అని రాసుకునే చోటు. అక్కడ ఒకాయన రిటైరు కాబోతున్నాడు. మా ఆయన పోయి ఫోర్మన్‌ను అడిగాడు.

"ఎస్సెల్సీ పాసయితే నీ పేరు చెప్తా. ఈ తూరి రిజల్టు దాకా చూస్తా. ఆమీద నా చేతిలో లేదప్పా" అన్నాడట ఫోర్మన్.

ఎస్సెల్సీ అంటే పదో తరగతి పరీక్ష, ఆయన చిన్నప్పుడే రాశాడు. అన్నీ పాసై సోషల్ ఒక్కటి పోయింది. పనిలో చేరాక మళ్ళీ కట్టాడు, మళ్ళీ పోయింది. చరిత్ర కొంత రాసేవాడు, భూగోళం కొంత రాసేవాడు. ముంచింది పౌరనీతి. ప్రభుత్వం ఎలా నడుస్తుంది, ఎవరికి ఏ అధికారం ఉంది, ఊళ్ళో ఎవరు ఏం చేస్తారు, ఇవన్నీ ఉండే పాఠాలు. ఎందుకు పోతోందో ఆయనకే తెలియదు. మా లైను చివర ఉండే ఒక పంతులు దగ్గరికి పోయి, తాను రాసిన జవాబులు నోటితో చెప్పాడు. పంతులు విని నవ్వాడు.

"పట్టణంలో తాగునీళ్ళు ఎవరిస్తారంటే కంపెనీ అని రాసినావా?"

"కంపెనీయే గదా సార్ ఇచ్చేది."

"వీధి దీపాలు?"

"కంపెనీ."

"చెత్త?"

"అదీ కంపెనీయే."

"ఇట్ల రాస్తే ఎవురు వేస్తారప్పా మార్కులు. పుస్తకంలో ఉండేది రాయల్ల" అన్నాడు పంతులు.

ఆయన ఆ మాట పట్టుకుని పుస్తకం మీద పడ్డాడు. పొద్దున షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, మెట్టు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. చదివిందే చదివేవాడు. ముందుకీ వెనక్కీ ఊగుతూ చదివేవాడు. లైను మొత్తానికీ వినబడేది. పొయ్యి దగ్గర కూర్చున్న నాకే రాజ్యసభ, లోక్‌సభ నోటికి వచ్చేశాయి. ఒకరోజు అన్నం పెడుతూ ఊరికే అడిగాను, గవర్నరును ఎవరు వేస్తారు అని. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"పొద్దున్నించి నాలుగు తూర్లు చదివినావు గదా" అన్నాను.

"పుస్తకం ఇట్లియ్యి, చెప్తా."

"మూసి చెప్పు."

"మూస్తే యాడొస్తాదే."

"పరీక్షలో తెరిచి పెట్టుకుంటావా?"

కోపం వచ్చింది ఆయనకు. మజ్జిగ పోసుకోకుండా లేచిపోయాడు. కానీ అందులో అబద్ధం లేదని ఇద్దరికీ తెలుసు. పుస్తకం కళ్ళముందు ఉన్నంతసేపు అన్నీ వచ్చినట్టే ఉండేది. మూసేస్తే ఒక్కటీ లేదు.

గనిలో ఆయనకు ఒక జోడీ ఉండేవాడు. ఒకే చోట పని, వేరే షిఫ్టు. ఈయన ఎక్కితే అతను దిగుతాడు. వయసులో చిన్నవాడు, ఈయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. పోతూ వస్తూ మా మెట్టు దగ్గర ఆగి ఒక మాట విసరకుండా పోడు.

"ఏమన్నా, మంత్రివి అయినాక నాకు యా శాఖ ఇస్తావు?"

"నీకా, కక్కసుల శాఖ."

"అదన్నా ఇయ్యి. లైన్లో అందరూ నాకు దండం పెట్టల్ల పొద్దున్నే."

ఆ రోజు మా ఆయనకు సెలవు. జోడీ పనికి పోతూ ఆగాడు. కక్కసుల శాఖ నవ్వు అయ్యాక గొంతు మార్చి అడిగాడు.

"అన్నా, నిన్న ఎడమ పక్క పేలలేదన్నావే, పైదా, కిందిదా?"

"కిందిది. పైది పేలింది, మూలలో రాయి ఒకటి వేలాడతాంది, దాన్ని తట్టినాకే లోపలికి పో. కిందిదానికి కట్టె దోపి పెట్టినా. ఆ పక్క మిషన్ పెట్టొద్దు."

పుస్తకం లేదు, ఊగడం లేదు, తడుముకోవడం లేదు. చెయ్యి గాలిలో పెట్టి ఇక్కడ, ఇక్కడ అని చూపించి చెప్పాడు. జోడీ అదే మాట తిరిగి చెప్పి, ఈయన తల ఊపాక పోయాడు. మందు పెట్టినా పేలకుండా మిగిలిన రంధ్రం మీద తెలియక ఇంకొకడు మిషన్ పెడితే ఏమవుతుందో లైన్లలో ఉండేవాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు. మిస్‌ఫైరు అంటారు దాన్ని. షిఫ్టు మారేటప్పుడు ఎక్కేవాడు దిగేవాడికి అది చెప్పకుండా ఇంటికి రాకూడదు.

నేను చేట పక్కన పెట్టి అడిగాను. "అది నీకెట్ల గుర్తుంది?"

"అదేం ప్రశ్న మే. చెప్పకపోతే వాడు పోతాడు."

"అన్నీ చెప్తావా వాడికి? ఎన్ని వేసినారు, ఎన్ని పేలినాయి?"

"పేలినవి ఎందుకు చెప్పేది. పేలనిది ఒక్కటే చెప్పేది."

"మరి పుస్తకంలో వచ్చినవే ఎందుకు చదువుతావు దినామ్మూ?"

ఆయన నావైపు చూశాడు. తర్వాత పుస్తకం వైపు చూశాడు.  కాసేపటికి లేచి వచ్చి పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.

అప్పటినుంచి ఇలా నడిచింది. ప్రతి పాఠం చివర ప్రశ్నలు ఉంటాయి, వాటికి నంబర్లు ఉంటాయి. నేను పుస్తకం పట్టుకుని ప్రశ్న చదివేదాన్ని. నా చదువు ఎలా ఉంటుందంటే, రా, ష్ట్ర, ప, తి, ఇలా ఒక్కో అక్షరం తోసుకుంటూ పోవాలి. నేను ప్రశ్న పూర్తి చేసేలోపు ఆయనకు బోలెడంత సమయం దొరికేది. మొదట్లో విసుక్కున్నాడు, ఇట్లియ్యి నేనే చదువుకుంటా అని లాక్కోబోయాడు. నేను ఇవ్వలేదు. పుస్తకం నా చేతిలో ఉంటేనే ఆయన బుర్రలోంచి తీస్తాడు. ఆయన చేతికి పోతే మళ్ళీ ఊగడమే.

చెప్పిన జవాబు సరైనదో కాదో నాకు ఎలా తెలుసని ఈ పిల్ల అడుగుతోంది. కొంత విని విని నాకూ వచ్చు. రానివి ఆయన గొంతులో తెలిసేవి. తెలిసింది చెప్పేటప్పుడు చెయ్యి గాలిలోకి లేచేది. తెలియనిది చెప్పేటప్పుడు మాట పెద్దదయ్యేది, ప్రజాస్వామ్యం, సార్వభౌమత్వం అని బరువైన మాటలు పడేవి, చెయ్యి మాత్రం తొడమీదే ఉండేది. అప్పుడు ఆ నంబరును పొయ్యి పక్కన నేల మీద, పాఠానికో వరసలో, ముగ్గుపిండితో వేసేదాన్ని. అంకెలు నాకు బాగా వచ్చు. తర్వాత ఆయన పుస్తకం తీసుకుని ఆ ఒక్కటి చూసుకుని మూసేవాడు. మరునాడు ముందు నేల మీద ఉన్న నంబర్లే అడిగేదాన్ని. చెబితే కూడా వెంటనే చెరిపేదాన్ని కాదు. ఇంకో రోజు పోనిచ్చి మళ్ళీ అడిగి, అప్పుడు కూడా చెబితేనే చీపురు పట్టేది. నేల ఊడ్చేటప్పుడు ఆ నంబర్ల చుట్టూ తిరిగి ఊడ్చేదాన్ని. జోడీ ఒకసారి లోపలికి తొంగిచూశాడు.

"ఏం వదినా, ముగ్గులో లెక్కలు వేసినావు?"

"మీ అన్న మిస్‌ఫైర్లు."

వాడు మెట్టుమీద కూలబడి నవ్వాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా మొదట నేల చూసి, ఎన్ని మిగిలినాయన్నా అనేవాడు.

ఒక్కొక్కటే చెరిగిపోతూ వచ్చాయి. చివరికి ఏడో నంబరు ఒక్కటి మిగిలింది. పురపాలక సంఘం అంటే ఏమిటి, అది చేసే పనులేవి అనే ప్రశ్న. రోజూ అడిగాను. రోజూ చూసుకున్నాడు. మరునాటికి మళ్ళీ లేదు. నోరు తెరిస్తే కంపెనీ అనే వచ్చేది. నీళ్ళు అంటే చాలు, ఆయన కళ్ళముందు లైను మొదట్లో ఉండే కంపెనీ కొళాయే కదిలేది. పుట్టినప్పటినుంచి తాగింది అదే. గ్రామ పంచాయతీ ప్రశ్న చెరిగిపోవడానికి ఇబ్బంది కాలేదు, ఎందుకంటే మా ఊళ్ళో పంచాయతీ బావికి ఎవరు పూడిక తీయించారు, మెంబరు ఎలా గెలిచాడు, అవన్నీ నేనే కథగా చెప్పాను. మున్సిపాలిటీ మాత్రం నేనూ చూడలేదు, ఆయనా చూడలేదు. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఉందని తెలుసు. ఉప్పుకూ చింతపండుకూ పోయి రావడమే తప్ప, అక్కడ అదేం చేస్తుందో తల తిప్పి చూసింది లేదు.

"బంగారుపేటకు పోదాం రా. కొత్త ఊరయితే కళ్ళు తెరిచి చూస్తావు" అన్నాను.

"చూసేదానికి అక్కడేముండాది మే."

"ఏడు ఉండాది."

సెలవు రోజున మారికుప్పంలో రైలెక్కాం. బంగారుపేటలో దిగి సంతలోకి పోయాం. భుజానికి సంచి తగిలించుకున్న ఒకడు కూరలమ్మేవాళ్ళ దగ్గర చీటీలు చింపి డబ్బులు వసూలు చేస్తున్నాడు. మా ఆయన అతని వెనకే నడిచాడు.

"ఇదెవరికి పోతాదప్పా?"

"నీకేల. నీ అంగడి యాడ?"

"అంగడి లేదు. ఊరికే అడుగుతాండా."

"ఊరికే అడిగేవాణ్ణి ఇప్పుడే చూస్తాండా" అని అతను చీటీ చింపుతూనే చెప్పాడు. "మున్సిపాలిటీకి. ఇదో, ఈ చెత్త ఎత్తల్ల, ఆ దీపం వెలిగించల్ల. నా జీతమూ ఇందులోనే. చాలునా?"

అక్కడినుంచి కొళాయి దగ్గరికి పోయాం. ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టి నిలబడి ఉన్నారు. ఈయన నేరుగా పోయి, అమ్మా, ఈ నీళ్ళు ఎవరిస్తారు అన్నాడు. నేను నాలుగడుగులు వెనక ఆగాను.

"ఎవరిస్తారు. వస్తే మున్సిపాలిటీ ఇచ్చినట్టు, రాకపోతే ఎవరూ ఇయ్యనట్టు" అంది ఒకామె.

"రాకపోతే ఎవర్ని అడుగుతారు?"

"మా వార్డు మెంబర్ని. ఓటుకు వచ్చి దండాలు పెట్టినాడు గదా, వాణ్ణి ఇంటికి పోయి అడుగుతాం. వాడు పెండ్లాన్ని బయటికి పంపించి ఇంట్లో లేడని చెప్పిస్తాడు." మిగతావాళ్ళు నవ్వారు. ఆమె ఈయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వెవరప్పా, ఈ తూరి నిలబడతావా ఏమి?"

"లేదమ్మా. పరీక్షకు చదువుతాండా."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆయనకు అప్పటికే తలలో నెరిసిన వెంట్రుకలు ఉన్నాయి.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరగాం స్టేషను దాటాక అన్నాడు.

"మనకు నీళ్ళు రాకపోతే యాడికి పోతాం మే?"

"కంపెనీ ఆఫీసుకు."

"అక్కడుండే సారుకు మనం ఓటేసినామా?"

"లేదు."

"అదీ తేడా" అన్నాడు. చెయ్యి గాలిలోకి లేచింది.

ఏడు చెరిపేశాను. నేల మీద ఏమీ మిగల్లేదు.

పరీక్ష ఊళ్ళో ఒక బడిలో పడింది. పొద్దున రాగిముద్ద వద్దన్నాడు, నిద్ర వస్తుందని. ఇడ్లీలు పోసి పెట్టాను. పుస్తకం తీసుకుపోబోతే లాక్కున్నాను, దారిలో తిప్పి చూసుకుంటే ఉన్నవి కలగాపులగం అవుతాయని. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. చొక్కా తీయకుండా మెట్టుమీద కూర్చున్నాడు. నీళ్ళిచ్చి ఒక్కొక్కటే అడిగాను. గవర్నరు వచ్చాడట, రాశాడు. ప్రాథమిక హక్కులు, రాశాడు. పంచాయతీ ఆదాయం, మా ఊరి సంత గుర్తు చేసుకుని రాశాడు.

"ఏడోది వచ్చిందా?"

"వచ్చింది. అట్ల రాలేదు."

"మరెట్ల?"

"మీ ఊరి స్థానిక సంస్థ ఏది, అది మీకు చేసే పనులు రాయండి అని అడిగినారు."

నేను నిలబడిపోయాను. మీ ఊరి అని అడిగితే మాకున్నది కంపెనీయే.

"ఏం రాసినావు?"

ఆయన చెంబు కింద పెట్టాడు. "మా ఊరు బంగారుపేట అని రాసినా. మా ఊళ్ళో మున్సిపాలిటీ ఉండాది, నీళ్ళిస్తాది, దీపాలు పెడతాది, సంతలో సుంకం తీసుకుంటాది, నీళ్ళు రాకపోతే మేము మా మెంబర్ని పోయి అడుగుతాము అని రాసినా. పేజీ నిండింది."

"బాగుంది గదా."

"అబద్ధం గదా మే. నేను ఏ మెంబర్ని అడిగినా?"

"మార్కులొస్తాయా, రావా?"

"వస్తాయి."

"అయితే ఊరికే ఉండు."

ఊరికే ఉండలేదు. రిజల్టు వచ్చేదాకా అదే దిగులు. షిఫ్టుకు పోతూనే ఉన్నాడు, దగ్గుతూనే ఉన్నాడు, ఎక్కి వచ్చాక మాత్రం ఆ దగ్గు మాట కాకుండా ఈ మాటే. హాల్‌టికెట్టులో మారికుప్పం అని ఉండాది, దిద్దేవాడు చూస్తే ఎట్ల అన్నాడు. జోడీ ఉన్నాడు అప్పుడు.

"దిద్దేవాడికి నీ ఇంటితో ఏం పనన్నా? నీకు పిల్లనిస్తాడా ఏమి?"

"సర్కారును గురించి రాసే పేపర్లోనే సర్కారుకు అబద్ధం చెప్పినాను రా."

"చెప్తే చెప్పినావు. కంపెనీ అని నిజం చెప్పి రెండు తూర్లు పోయింది గదా" అన్నాడు వాడు.

ఆయన హాల్‌టికెట్టు మడిచి పుస్తకంలో పెట్టేశాడు. 

రిజల్టు బడి గోడకు అంటించారు. జోడీయే చూసి వచ్చాడు. లైను మొదట్లోంచే, బంగారుపేట సారూ, బంగారుపేట సారూ అని పిలుస్తూ వచ్చాడు. మా ఆయన మెట్టుమీదనుంచి లేవలేదు. నంబరు మళ్ళీ చెప్పమన్నాడు. వాడు చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. అప్పుడు లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఫోర్మన్ మాట తప్పలేదు. ఆయన్ని టైమ్ ఆఫీసులో వేశారు. ఇనుప టోపీ, దీపం అప్పజెప్పి వచ్చిన రోజు ఇంట్లో ఏం చేయాలో తెలియక చేతులు కడిగిందే కడిగాడు. ఆ పేరు మాత్రం పోలేదు. దిగేవాళ్ళందరూ కిటికీ దగ్గర బంగారుపేట సారూ అనే పిలిచేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఆయనది నిజంగా బంగారుపేటే అనుకున్నారు.

దగ్గు పూర్తిగా పోలేదు, పెరగనూ లేదు. గనులు మూసేదాకా పైనే పనిచేశాడు. మూశాక కంపెనీ నీళ్ళూ ఆగిపోయి మున్సిపాలిటీ వీధి కొళాయి వచ్చింది, ఆ నీళ్ళు వచ్చినాయా అని రోజూ అడుగుతూ చాలా ఏళ్ళు ఉన్నాడు. ఆయనతో పాటు లోపల మిషన్ పట్టినవాళ్ళలో అన్నేళ్ళు ఉన్నవాళ్ళు మా లైనులో లేరు. జోడీ కూడా లేడు. అతను గనిలోకి దిగుతూనే ఉండేవాడు, ఛాతీ జబ్బుతోనే పోయాడు.

ఈ సంగతి మీద మా ఇద్దరికీ ఎప్పుడూ తెగలేదు. రోజూ కూర్చుని, రానివి ఏరుకుని చదివావు కాబట్టి పైకొచ్చావు అనేదాన్ని నేను. చదివింది కాదు మే, ఆ ఒక్క అబద్ధం పైకి తెచ్చింది అనేవాడు ఆయన. చదవకపోతే ఆ అబద్ధం కూడా అంత చక్కగా రాసేవాడివి కాదు అంటే, అదీ నిజమే అని ఊరుకునేవాడు. కొన్నాళ్ళకు మళ్ళీ మొదలుపెట్టేవాడు. నాకు మాత్రం ఏది పైకి తెచ్చినా ఒకటే. మనిషి ఎక్కి వచ్చాడు, ఇంటికి వచ్చాడు.

అంతే, ఇంగ చాలు. నువ్వు రాసింది మొదటినుంచి చదివి వినిపించు పాపా. మెల్లగా చదువు. బడి పిల్లలు వింటారని ఆయన అబద్ధం రాసిన చోటు తీసేసి ఉంటావేమో, అదీ విని చూస్తాను.